"అవ్యాకోచ డిమాండు" అంటే పెరగని డిమాండా?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరంలో తెలుగు మాధ్యమంలో సూక్ష్మ అర్థశాస్త్రం చదువుతున్నాను. సాగదీసి వదిలితే మళ్లీ మొదటి స్థితికి వచ్చే గుణాన్ని భౌతికశాస్త్రంలో స్థితిస్థాపకత అన్నారు, వేడికి ఇనుము సాగడాన్ని వ్యాకోచం అన్నారు. ఇంగ్లీషులో మొదటి గుణానికి వాడే ఎలాస్టిసిటీ అనే మాటకే అర్థశాస్త్రంలో "వ్యాకోచత్వం" అని ఎందుకు పెట్టారు? ఉప్పుకు అవ్యాకోచ డిమాండు ఉంటుందంటే ఉప్పు డిమాండు పెరగదనా? పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు: చివరి సందేహం ముందు తీరుద్దాం. పెరగదని కాదు. జనాభా పెరిగితే ఉప్పు డిమాండు కూడా పెరుగుతుంది. ధర మారినప్పుడు, మిగతా పరిస్థితులన్నీ అలాగే ఉంటే, కొనే పరిమాణం పెద్దగా కదలదని మాత్రమే ఆ మాటకు అర్థం.

ఇక మాట సంగతి. సంస్కృతంలో వ్యాకోచమంటే వికసించిన, విప్పారిన అని అర్థం. అమరకోశంలో ప్రఫుల్లం, వికచం మొదలైన మాటల సరసన వ్యాకోశమనే రూపం పువ్వుకు విశేషణంగా కనిపిస్తుంది. దానికి ఎదురుగా సంకోచాన్ని నిలబెట్టి, వ్యాకోచాన్ని పరిమాణంలో పెరుగుదలకు వాడుకున్నది విజ్ఞానశాస్త్ర పరిభాష. అర్థశాస్త్రంలోకి ఎలాస్టిసిటీ అనే భావనను స్థిరంగా తెచ్చినవాడు ఆంగ్లేయ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్. 1890లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ధర కొంత తగ్గితే కొనుగోలు ఎంత పెరుగుతుందో, ధర కొంత పెరిగితే ఎంత తగ్గుతుందో దానినిబట్టి ఈ గుణాన్ని నిర్వచించాడు. అందులో సాగడమూ ఉంది, కుంచించుకుపోవడమూ ఉంది, కానీ వదిలేస్తే మొదటి స్థితికి తిరిగి రావడమన్న ఊసే లేదు. అందువల్ల స్థితిస్థాపకత అనే మాటను ఇక్కడికి తెస్తే లేని అర్థం వచ్చి చేరుతుంది; దానిని పక్కన పెట్టడమే మంచిదయిందని నా అభిప్రాయం. అయితే వ్యాకోచత్వం కూడా సగమే చెబుతుంది, ఎందుకంటే అందులో సంకోచం వినిపించదు.

లెక్కలోకి దిగితే ఇది తేలికవుతుంది. ఒక దుకాణంలో టమాటా కిలో 20 రూపాయలున్నప్పుడు రోజుకు 100 కిలోలు అమ్ముడుపోతున్నాయని, ధర 25 రూపాయలైతే అమ్మకం 60 కిలోలకు పడిపోయిందని అనుకుందాం. ధర 25 శాతం పెరిగింది, పరిమాణం 40 శాతం తగ్గింది. 40ని 25తో భాగిస్తే 1.6 వస్తుంది, ఇదే వ్యాకోచత్వం. ఒకటికన్నా ఎక్కువ గనుక ఇది వ్యాకోచ డిమాండు. దుకాణదారు రాబడి 2,000 రూపాయల నుంచి 1,500కు దిగింది. ఇల్లాలు చింతపండుతో చారు కాచి ఆ పూటకు సరిపెట్టగలదు. టమాటాకు ఇలా బదులు దొరుకుతుంది కాబట్టే ధర కొనుగోలును అంతగా కదిలించింది. ఉప్పుకు బదులు లేదు, పైగా ఇంటి ఖర్చులో దాని వాటా అత్యల్పం. ఉప్పు ధర కూడా అదే 25 శాతం పెరిగితే వాడకం 2 శాతం తగ్గిందనుకున్నా, వ్యాకోచత్వం 0.08 మాత్రమే.

గమనించవలసింది మరొకటి ఉంది. ఏ ధరకు ఎంత కొంటారో చూపే డిమాండు రేఖ వాలును చూసి వ్యాకోచత్వాన్ని నిర్ణయించడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. 100లోంచి ధరకు రెట్టింపును తీసివేస్తే పరిమాణం వచ్చే సరళరేఖను తీసుకోండి. ధర 40 అయితే పరిమాణం 20; ధర 41కి, అంటే 2.5 శాతం పెరిగితే పరిమాణం 18కి, అంటే 10 శాతం తగ్గుతుంది కాబట్టి వ్యాకోచత్వం 4. ధర 25 అయితే పరిమాణం 50, వ్యాకోచత్వం సరిగ్గా 1. ధర 10 అయితే పరిమాణం 80, వ్యాకోచత్వం 0.25. రేఖ ఒకటే, వాలు ఒకటే, అయినా వ్యాకోచత్వం బిందువు బిందువుకూ మారుతోంది. అందుచేత "ఈ వస్తువు డిమాండు వ్యాకోచం" అని రాసేటప్పుడు ఏ ధర దగ్గర అన్నది కూడా రాయాలి.

మరొక సభ్యుని మాట: ఇంత చిక్కెందుకు? "ధర స్పందన" అంటే సరిపోదా?

జవాబు: తరగతిలో చెప్పడానికి నిస్సందేహంగా అదే మేలు, నేనూ అలాగే చెబుతాను. పారిభాషిక పదంగా మాత్రం ఒక ఇబ్బంది ఉంది. "స్పందించని డిమాండు" అంటే అసలు కదలనిదని అర్థమవుతుంది, అది సున్నా వ్యాకోచత్వానికే సరిపోతుంది. ఉప్పు కొద్దిగానైనా కదులుతుంది కాబట్టి "అల్పస్పందన" అనవలసి వస్తుంది. నిజానికి అవ్యాకోచంలో ఉన్న తిరకాసు కూడా ఇదే. మనకు "అ" చేరితే పూర్తి నిషేధం వినబడుతుంది, శాస్త్రంలో దాని అర్థం ఒకటికన్నా తక్కువ అని మాత్రమే. అందుకే పాఠ్యపుస్తకాలలో అసలు కదలని దానికి విడిగా "పూర్తి అవ్యాకోచ డిమాండు" అని పేరు పెట్టారు. ప్రశ్న అడిగిన విద్యార్థిని తికమకపెట్టింది వ్యాకోచంకన్నా ఎక్కువగా ఈ "అ" అనిపిస్తోంది.

పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయండి. తరువాత వచ్చే "జాత్యంతర డిమాండు వ్యాకోచత్వం" (ఒక వస్తువు ధర మారితే మరొక వస్తువు కొనుగోలు ఎంత మారుతుందన్నది) దగ్గర గుర్తును జాగ్రత్తగా చూసుకోండి. ధర వ్యాకోచత్వంలో రుణ గుర్తును సాధారణంగా వదిలేస్తాము, పైన లెక్కలలో నేనూ వదిలేశాను. జాత్యంతరంలో వదిలేయడానికి వీలు లేదు. కాఫీ ధర పెరిగినప్పుడు టీ కొనుగోలు పెరిగితే విలువ ధనాత్మకం, అవి ప్రత్యామ్నాయ వస్తువులు. పెట్రోలు ధర పెరిగినప్పుడు కార్ల కొనుగోలు తగ్గితే విలువ రుణాత్మకం, అవి పూరక వస్తువులు.