చంకలో మచ్చ: ట్యూబు పూస్తే పోతోంది, ఆపితే పెద్దదై వస్తోంది

ప్రశ్న:
నెల రోజులుగా కుడి చంకలో దురదండీ. మొదట గోరంత ఎర్ర మచ్చ. ఇంట్లో ఉన్న ట్యూబు పూస్తే నాలుగు రోజుల్లో పోయింది. ఆపిన వారానికే రెండింతలై వచ్చింది. ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉంది. ఇది డియోడరెంట్ పడకా, తామరా?

జవాబు 1:
డియోడరెంట్ పడకపోతే మామూలుగా రాసుకున్న రెండు చంకల్లోనూ వస్తుంది. మీది ఒక్క వైపే కదా. అయినా కొన్నాళ్లు మానేయండి.

జవాబు 2:
ఆ ట్యూబు ఇంక ముట్టుకోకండి, దయచేసి. నేనూ ఐదు నెలలు అదే పూశాను. అది బలమైన స్టెరాయిడ్. ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, కింద తామర తెచ్చే ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. పైగా చంక చర్మం పలచన, మడతలో మందు ఎక్కువగా ఇంకుతుంది. నాకు అక్కడ పడ్డ చారలు ఇప్పటికీ పోలేదు.

అద్దంలో అంచు చూడండి. అంచు కాస్త ఉబ్బి, పొలుసులుగా ఉండి, మధ్యలో మామూలుగా ఉంటే తామర అనుకోవచ్చు. స్టెరాయిడ్ పూస్తే ఆ అంచు కూడా చెరిగిపోతుంది, నా విషయంలో డాక్టరు తికమకపడింది అందుకే. చివరికి అంచు దగ్గర గీకి, ఆ పొట్టును మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపించాయి. మడత లోపల తడిగా, బాగా ఎర్రగా ఉండి చుట్టూ చిన్న పొక్కులుంటే కాండిడా, అదీ ఒక రకం ఫంగసే. గోధుమ రంగులో చదునుగా ఉండి దురద పెద్దగా లేకపోతే ఎరిత్రాస్మా కావచ్చు. అది బాక్టీరియా పని, వుడ్స్ దీపం (అతినీలలోహిత కాంతి దీపం) కింద పగడపు ఎరుపులో మెరుస్తుంది, దానికి యాంటీబయాటిక్ కావాలి.

నాకు టెర్బినాఫిన్ అనే, ఫంగస్‌ను చంపే క్రీము ఇచ్చారు. మచ్చ దాటి రెండు వేళ్ల మేర పూయమన్నారు, మచ్చ పోయాక కూడా కొనసాగించమన్నారు.

జవాబు 3:
ఇది చదివే వేరేవాళ్ల కోసం. చంకలో ఒకేచోట నొప్పి గడ్డలు మళ్లీ మళ్లీ వచ్చి, చీము కారి, మచ్చలు కడుతుంటే హైడ్రాడినైటిస్ సప్యురటివా కావచ్చు. శుభ్రత లేక వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. నేను సిగ్గుపడి ఏళ్ల తరబడి దాచాను. చిదమకండి, చర్మ డాక్టరుకి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
అంచు ఉందండీ, పైభాగంలో సగం వరకు. మీరన్నాక వెతికితే గజ్జల్లో కూడా ఒకటి కనిపించింది.

జవాబు 2:
అయితే ఫంగస్ అక్కడా ఉందేమో, కాలివేళ్ల సందులూ చూసుకోండి. పరీక్షకి వెళ్లేదాకా ఏ క్రీమూ పూయకండి.