గీజర్ నీళ్లు మాత్రమే ఎర్రగా వస్తున్నాయి, చల్లనీళ్లు బాగానే ఉన్నాయి. ఏం చూడాలి?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్తే అండి. మాది శ్రీకాకుళం, అరసవల్లి వెళ్లే దారిలో సొంతిల్లు. సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజుల తర్వాత వచ్చాం. ఆ సాయంత్రం బాబుకి స్నానం చేయిద్దామని గీజర్ వేసి కుళాయి తిప్పితే డికాక్షన్ రంగులో నీళ్లు. మొదటి బకెట్ పారబోశాం, రెండోది పలచబడింది కానీ తేటగా అవ్వలేదు. వారం నుంచి రోజూ ఇదే, అదే బాత్రూములో చల్లనీళ్ల కుళాయి తిప్పితే మాత్రం అద్దంలా ఉంటున్నాయి.

ఇల్లు కట్టి ఏడేళ్లు. 25 లీటర్ల గీజర్ అప్పుడు పెట్టించిందే, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా విప్పలేదు. వాడకానికంతా బోరు నీళ్లే, మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులోకి ఎక్కుతాయి. తాగడానికి మున్సిపల్ కుళాయి వేరే ఉంది. మొన్న మావయ్యగారి పొందూరు ఖద్దరు పంచె తెలియక ఆ వేడినీళ్లలో నానబెట్టాను, తెల్లటి పంచె మీద ఇటుక రంగు మచ్చలు తేలాయి.

ప్లంబర్ వచ్చి కవరు కూడా విప్పకుండానే "ట్యాంకు పోయిందమ్మా, కొత్తది తీసీసుకోండి, ఇది బాగవ్వదు" అన్నాడు. అత్తగారిది కవిటి దగ్గర ఊరు, అక్కడ కిడ్నీ జబ్బుతో పోయిన వాళ్లని కళ్లారా చూసిన మనిషి, నీళ్ల రంగు మారితే చాలు ఆవిడకి నిద్ర పట్టదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. నిజంగా గీజర్ మార్చాల్సిందేనా? ఈ నీళ్లతో పసిపిల్లాడికి స్నానం చేయించవచ్చా?

కోట_జంక్షన్_మెకానిక్:
అమ్మా, గీజర్ ఇప్పుడే మార్చకండి. విప్పకుండా ట్యాంకు పోయిందని ఎవరూ చెప్పలేరు. విజయనగరంలో పదహారేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, ఎర్రనీళ్లని పిలిచిన ఇళ్లలో ట్యాంకు నిజంగా చిల్లు పడ్డవి తక్కువే. చిల్లు పడితే కారుతుంది కదా. కింద కవరు అంచున తడి ఉందా, గోడ మీద తుప్పు చార దిగిందా, ముందు అది చూడండి.

గీజర్ లోపల కాయిల్ పక్కనే ఒక రాడ్డు ఉంటుంది, మేం మెగ్నీషియం రాడ్డు అంటాం, కంపెనీ బుక్కులో ఆనోడ్ అని రాస్తారు. తాను అరిగిపోతూ ట్యాంకు ఇనుముకి తుప్పు పట్టకుండా కాపాడటమే దాని పని. కొత్తది బొటనవేలంత లావుంటుంది. ఏడేళ్లు ముట్టుకోని గీజర్ విప్పితే నాకు దొరికేది మధ్యలో సన్నటి తీగ, దాని చుట్టూ అక్కడక్కడా సున్నం పెళ్లలు, అచ్చం నమిలి పారేసిన పందుంపుల్లలా. ఆ రాడ్డు అయిపోయాక లోపలి పూత ఎక్కడ పగిలితే అక్కడ ట్యాంకుకే తుప్పు మొదలవుతుంది. మన బోరు నీళ్లకి ఏడాదికోసారి విప్పి చూడాలి, రెండేళ్లు దాటనివ్వకూడదు. స్టీలు ట్యాంకు వాటిలో కొన్నిటికి ఈ రాడ్డే ఉండదు, మీది ఏదో బుక్కులో చూడండి.

ఇంకో సంగతి. బోరు నీళ్లలో ఇనుము కరిగి ఉంటే పైకి తేటగానే కనిపిస్తుంది. గాలి తగిలితే మెల్లగా, వేడి చేస్తే తొందరగా ఎర్రబడి మడ్డిలా దిగుతుంది. అందుకే చల్లనీళ్లు బాగున్నాయి కాబట్టి తప్పంతా గీజర్‌దే అనుకోకూడదు. పొద్దున్నే తెల్ల బకెట్లో వేడినీళ్లు పట్టి చూడండి. ఒకటి రెండు మగ్గులకే రంగు పోతే తుప్పు పైపులోనో జాయింటులోనో ఉంది, బకెట్ నిండినా రంగు తగ్గకపోతే ట్యాంకులో ఉంది. మీరు చెప్పింది రెండోదిలా ఉంది. పన్నెండు రోజులు నీళ్లు కదలకుండా ఉన్నాయి కాబట్టి మొదటి రోజు అంత చిక్కగా వచ్చాయి.

చేయాల్సింది మడ్డి కడగడం, రాడ్డు మార్చడం. స్విచ్ కట్టేస్తే చాలదు, కరెంటు బోర్డులో గీజర్ లైనుకి ఉండే ఎంసీబీ బ్రేకర్ దించాలి. నీళ్లు చల్లారాక పైనుంచి వచ్చే వాల్వు కట్టి, వేడి కుళాయి తెరిచి ఉంచి, కింద డ్రెయిన్ ప్లగ్గు విప్పాలి. లోపల కరెంటు వైర్లు ఉంటాయి, తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి, మీరు పక్కనే ఉండి చూడండి. మళ్లీ నింపాక వేడి కుళాయిలో నీళ్లు నిండుగా వచ్చేవరకు ఎంసీబీ ఎత్తకూడదు, ఖాళీ ట్యాంకులో కాయిల్ కాలిపోతుంది. సేఫ్టీ వాల్వు చుక్కలు కారుతోందని దానికి బిరడా కొట్టేవాళ్లు ఉన్నారు, ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, ప్రెషర్ పెరిగితే గీజర్ పేలిపోతుంది.

బొబ్బిలి_మేడమీద:
మాకూ ఇలాగే జరిగింది, పోయిన ఏడాది తొందరపడి గీజర్ మార్చేశాం. మూడు నెలలకి కొత్తదాన్నుంచీ ఎర్రనీళ్లు. ఇంకో ప్లంబర్ వచ్చి గీజర్‌నీ గోడలో పైపునీ కలిపే దగ్గర జానెడు కూడా లేని జీఐ (జింకు పూత ఇనుప పైపు) ముక్క విప్పి నా చేతిలో పెట్టాడు. బయట బాగానే ఉంది, లోపల తుప్పు పెళ్లలు పెరిగి చిటికెన వేలు కూడా పట్టనంత సందు మిగిలింది. ఇల్లంతా సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించి ఆ ఒక్క ముక్క దగ్గర జీఐ పెట్టారు. ఇత్తడిది వేయించాక ఇప్పటివరకు తేటగా ఉన్నాయి. మీరు విప్పించినప్పుడు అది కూడా చూడమనండి.

పంచెకి బ్లీచింగ్ మాత్రం తగలనివ్వకండి, తుప్పు మచ్చ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో పెట్టి మామూలు నీళ్లతో జాడించండి, రెండు మూడుసార్లు చేస్తే పోతుంది.

రాజాం_సైన్సు_మాస్టారు:
అమ్మా, బోరులో ఇనుము ఉందో లేదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మేడ మీద ట్యాంకు నీళ్లు పట్టకండి, అక్కడికే సగం మడ్డి దిగిపోయి ఉంటుంది. మోటార్ వేసి పైపు దగ్గరే గాజు గ్లాసులో పట్టి, పాలూ చక్కెరా వేయని టీ డికాక్షన్ కొంచెం కలిపి పక్కన పెట్టండి. ఇనుము బాగా ఉంటే కాసేపటికి సిరాలా నల్లబడుతుంది. టీలో ఉండే వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపు ఇస్తుంది, కలంకారీ వాళ్లు కరక్కాయతో, తుప్పు ఇనుముతో నల్లరంగు తెప్పించేది ఇలాగే.

టీడీఎస్ మీటరు మీద ఆధారపడకండి, కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది తప్ప అందులో ఇనుమెంతో చెప్పదు. ఇంటికొచ్చి గ్లాసులో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి నీళ్లు గోధుమరంగుకి మార్చి చూపించే అమ్మకందార్లనీ నమ్మకండి. ఆ రంగు వాళ్ల ఇనుప కడ్డీలోంచే వస్తుంది.

స్నానానికి ఈ నీళ్ల వల్ల పెద్ద ప్రమాదం లేదు, కానీ తేటబడేవరకు పసివాడికి పొయ్యి మీద కాచిన మున్సిపల్ నీళ్లే వాడండి. గీజర్ నీళ్లు వంటకీ, పాలు కలపడానికీ ఎప్పుడూ వద్దు. మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలోని ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, హిరమండలం నుంచి వంశధార నీళ్లు అక్కడికి పైపుల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఆవిడకి ఈ మాట చెప్పండి: తుప్పు కంటికి కనిపిస్తుంది, ఫ్లోరైడు, నైట్రేటు కనిపించవు. తాగే నీళ్లు తేటగా ఉన్నా ఒకసారి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో అడిగి పరీక్ష చేయించడం మంచిది.

నాగావళి_గట్టు:
అందరికీ చాలా థాంక్సండి. ఆదివారం వేరే మెకానిక్‌ని పిలిచాం. ప్లగ్గు తీయగానే ముందు నల్లటి ఎరుపులో నీళ్లు, ఆ తర్వాత తడి ఇటుక పొడిలాంటి మడ్డి అర బకెట్ దాకా వచ్చింది. రాడ్డు ఉండాల్సిన చోట నిజంగానే తీగ ఒక్కటే మిగిలింది, కోట జంక్షన్ మెకానిక్ బాబాయ్ చెప్పినట్టే. ట్యాంకు కారడం లేదు. జీఐ ముక్క మాకూ ఉంది, అదీ మార్పించాం. రాడ్డు, వాషరు, ఇత్తడి ముక్క, కూలీ అంతా కలిపి 1,600 అయింది.

నాలుగు రోజులుగా వేడినీళ్లు తేటగా ఉన్నాయి. పంచె మచ్చలు రెండోసారికి చాలావరకు పోయాయి, అంచు దగ్గర ఒకటి ఉండిపోయింది. మాస్టారు చెప్పిన టీ పరీక్ష చేస్తే గ్లాసు పది నిమిషాల్లో నల్లబడింది, అంటే మా బోరులోనూ ఇనుము ఉన్నట్టే. మేడ మీద ట్యాంకు వచ్చే ఆదివారం కడిగిస్తున్నాం. తాగే నీళ్ల సీసా ల్యాబుకి అత్తగారే స్వయంగా తీసుకెళ్తానంటున్నారు. బోరు దగ్గర ఇనుము ఫిల్టరు పెట్టించుకున్న వాళ్లు ఎవరైనా ఉంటే, లోపల ఇనుముని పట్టే మీడియా (ఇసుకలాంటి గుళికలు) ఎన్నేళ్లకి మార్చాల్సి వచ్చిందో చెప్పగలరా?