86 ఏళ్ళ అమ్మమ్మకి మతిమరుపు, యాంటీఆక్సిడెంట్ గుళికలు నిజంగా పనిచేస్తాయా?

తణుకు మనవడు:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకి 86. మొన్నమొన్నటి దాకా పంచాంగం చూసి ఊళ్ళో వాళ్ళకి తిథులు చెప్పిన మనిషి. ఆరేడు నెలలుగా ఇవాళ ఏ వారంరా అని రోజుకి నాలుగుసార్లు అడుగుతోంది, చెప్పిన మాటే మళ్ళీ చెబుతోంది, పోయిన వారం పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. దాంతో మా మావయ్యకి ఒకటే టెన్షన్. మెదడు కణాలకి తుప్పు పడుతుందని, యాంటీఆక్సిడెంట్లు వేస్తే వదిలిపోతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారట. ఇప్పుడు రోజూ విటమిన్ ఈ 400 గుళిక ఒకటి, విటమిన్ సి 500 మాత్ర ఒకటి, పైగా మూడు వేలు పోసి తెప్పించిన ఏదో "బ్రెయిన్" పొడి డబ్బా. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఫోన్లో గొడవపడటం తప్ప చేయగలిగింది లేదు. పనిచేస్తాయంటే ఇంకా నాలుగు డబ్బాలు నేనే కొంటాను. కానీ ఈ వయసులో పనిచేస్తాయా? మాత్రలకంటే తిండిలో ఇస్తే మంచిదా? ఇస్తే ఏం పెట్టాలి? "డాక్టర్ని అడుగు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి బాబూ, అడుగుతాం, కాస్త తెలుసుకుని వెళ్దామనే ఈ గోల.

ఉసిరి చెట్టు:
మా తాతగారు 93 ఏళ్ళు బతికారు, చివరి దాకా పద్యాలు అప్పజెప్పేవారు. రోజూ మొదటి ముద్దలోకి నల్ల ఉసిరికాయ పచ్చడి ఉండాల్సిందే. ఈ గుళికలన్నీ దండగ, ఉసిరి పెట్టండి చాలు.

డైట్ అక్క:
నేను డైటీషియన్‌ని, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది 75 దాటినవాళ్ళే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ మావయ్యగారి తుప్పు కథ గాల్లోంచి పుట్టింది కాదు. మెదడు మన బరువులో రెండు శాతమే, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో ఇరవై శాతం దాకా అదే వాడుకుంటుంది, పైగా అందులో కొవ్వు ఎక్కువ, కాబట్టి ఆక్సీకరణ వల్ల, అంటే మావయ్యగారు చెప్పే ఆ తుప్పు వల్ల, దెబ్బతినే అవకాశమూ ఎక్కువే. దాన్ని అడ్డుకునేవే యాంటీఆక్సిడెంట్లు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో నూరేళ్ళ దరిదాపుల్లో ఉన్నవాళ్ళ మీద ఒక పరిశోధన నడిచింది. బతికుండగా జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి, కొందరు చనిపోయాక వాళ్ళు దానం చేసిన మెదడుని పరీక్షించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. మెదడులో లూటిన్ ఎక్కువున్నవాళ్ళకి ఆ పరీక్షల్లో మార్కులు బాగున్నాయి. లూటిన్ అంటే ఆకుకూరల్లో, గుడ్డు పచ్చసొనలో, మొక్కజొన్నలో ఉండే పసుపు రంగు పదార్థం, అదీ ఒక యాంటీఆక్సిడెంటే. ఇలాంటివి చదివే జనం డబ్బాలు అమ్మడం మొదలుపెడతారు.

చిక్కేమిటంటే, ఆకుకూరలు తిన్నందువల్ల బుర్ర బాగుందా, బుర్ర బాగున్నందువల్ల వేళకి వండుకుని తిన్నారా అన్నది ఇలాంటి పరిశోధనలో తేలదు. మతి తప్పడం మొదలైన పెద్దవాళ్ళు మొట్టమొదట తిండి తగ్గించేస్తారు, నేను రోజూ చూస్తున్నదే. అందుకే సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ళ తరబడి చూసినవి కావాలి. అక్కడికొచ్చేసరికి కథ చప్పబడిపోతుంది. 60 దాటిన మగవాళ్ళు ఏడున్నర వేల మందికి విటమిన్ ఈ రోజుకు 400 యూనిట్లు, సెలీనియం అనే ఖనిజం, రెండూ కలిపి, ఇలా ఇచ్చి చూస్తే డిమెన్షియా (మతి తప్పే జబ్బు) ఏమాత్రం తగ్గలేదు, 2017లో వచ్చిన ఫలితం అది. మతిమరుపు అప్పుడే మొదలైనవాళ్ళకి రోజుకు 2000 యూనిట్లు ఇచ్చిన 2005 నాటి పరిశోధనలోనూ అంతే, అల్జీమర్స్‌గా మారడం ఆగలేదు. ఒక్కచోట కొంచెం మేలు కనిపించింది: అల్జీమర్స్ ఖాయమైన 613 మంది అమెరికా మాజీ సైనికులకి అంతే డోసు ఇస్తే రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడం కాస్త నెమ్మదించింది. జ్ఞాపకశక్తి మాత్రం చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు.

ఉసిరి చెట్టు గారూ, పచ్చి ఉసిరిలో విటమిన్ సి దండిగా ఉంటుంది, కాదనను. పాత పట్టికల్లో వంద గ్రాములకి 600 మిల్లీగ్రాములని రాసేవారు, మన ఎన్ఐఎన్ (హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2017లో వేసిన పట్టికలో అది 250 చిల్లర. అదీ చాలా ఎక్కువే, రోజుకి కావలసింది వంద లోపే కదా. కానీ పచ్చడిలో ఉసిరితో పాటు ఎంత ఉప్పు పోతుందో చూశారా? బీపీ ఉన్న పెద్దావిడకి ఆ ఉప్పు చేసే చెరుపు ఉసిరి చేసే మేలుని మింగేస్తుంది.

మనవడు గారూ, రెండు సంగతులు కనుక్కుని చెప్పండి. ఒకటి, అమ్మమ్మ వేసుకునే మాత్రలన్నీ, డబ్బా తీసి చూసి మరీ. రెండు, ఆవిడ నిజంగా రోజూ ఏం తింటున్నారు. "అన్నీ తింటుంది" అంటారు ఇంట్లో, ఆ మాట నమ్మకండి.

ససేమిరా:
అక్కా, మాత్రలు దండగ అన్నారు సరే, తిండి మాత్రం ఏం నిరూపించింది? మెదడుకి మంచిదని పేరు పడిన మైండ్ డైట్ ఉంది కదా, ఆకుకూరలు, బెర్రీలు, గింజలు. 604 మందిని మూడేళ్ళు చూశారు, 2023లో చెప్పారు, మామూలుగా కాస్త తక్కువ తిన్నవాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదట. మరి ఆకుకూరలూ దండగే అనాలిగా?

డైట్ అక్క:
మంచి పాయింటే. అందులో రెండు గుంపులవాళ్ళూ బరువు తగ్గారు, రెండు గుంపులూ బాగుపడ్డాయి, అందుకే తేడా కనిపించలేదని ఒక వాదన ఉంది. అయినా ఆకుకూర తింటే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందని నేనెక్కడా అనలేదు. అయినా 86 ఏళ్ళ మనిషికి ఆకుకూర పెట్టేది మతిమరుపు ఒక్కదాని కోసమే కాదు కదా, మలబద్ధకం, కళ్ళు, నీరసం, ఇవన్నీ ఉంటాయి.

కాకినాడ కాజా:
మా అమ్మకి ఇలాగే అయింది, 79వ ఏట. అందరం అల్జీమర్స్ అని ఏడ్చేసుకున్నాం. పన్నెండేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర రెండూ వేసుకుంటోంది, మాంసం గుడ్డు ముట్టదు, బీ12 విటమిన్ తగ్గడానికి ఇవన్నీ కారణాలే. రక్తపరీక్షలో బీ12 అడుగంటిపోయి ఉంది. ఇంజెక్షన్లు వేయించాక మూడు నాలుగు నెలల్లో మనిషి చాలా తేరుకుంది, పూర్తిగా అని చెప్పను. చెవిలో గులిమి తీయించాక ఇంకాస్త తేరుకుంది, సగం మాటలు వినపడకే మర్చిపోయినట్టు ఉండేదని అప్పుడు తెలిసింది! థైరాయిడ్ కూడా చూపించండి. ఇవేవీ చూడకుండా డబ్బాలు కొనడం నాకు నచ్చదు.

తణుకు మనవడు:
అక్కా, మీరడిగినవి కనుక్కున్నాను, కనుక్కున్నాక భయం వేసింది. మా చిన్నత్త వీడియో కాల్‌లో ఒక్కో షీటూ చూపించింది. బీపీ మాత్ర, గుండె దడకి ఒకటి, ఇంకా వార్ఫరిన్. రక్తం పలచన చేసే మాత్రే కదా అది? ఇక తిండి: పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పాలు బ్రెడ్డు. అంతే. కట్టుడు పళ్ళు వదులైపోయి ఏడాదిగా పెట్టుకోవడం లేదట, ఎవరికీ చెప్పలేదు. కూర తినవేమే అంటే సయించడం లేదనేది, మేం నమ్మేశాం.

డైట్ అక్క:
అవును, రక్తం పలచన చేసేదే. ఇవాళే వార్ఫరిన్ రాసిన డాక్టరుగారికి ఫోన్ చేసి ఆ గుళికల సంగతి చెప్పండి, రేపటి దాకా ఆగకండి. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళకి విటమిన్ ఈ పెద్ద డోసులో ఇస్తే రక్తస్రావం ప్రమాదం పెరగొచ్చు. ఆ పొడి డబ్బాలో ఏముందో లేబుల్ ఫోటో కూడా పంపండి, ఇలాంటి వాటిలో కలిపే మూలికలు కొన్ని వార్ఫరిన్‌తో పడవు. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తారు బహుశా. ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, తలకి దెబ్బ తగిలిందా అని కూడా అడగండి. రక్తం పలచబడే మందు మీద ఉన్న పెద్దవాళ్ళకి చిన్న దెబ్బకే లోపల మెల్లగా రక్తం చేరి, బయటికి మతిమరుపులా కనిపించడం ఉంది.

ఇంకో మెలిక. ఇందాక నేను ఆకుకూరలన్నాను కదా, రేపటి నుంచి ఆవిడకి రోజూ తోటకూర, మునగాకు కుమ్మరించకండి! వాటిలో విటమిన్ కె ఎక్కువ, వార్ఫరిన్ పనిని తగ్గించేస్తుంది. మానేయాలని కాదు. వారంలో ఇన్నిసార్లు, ఇంత అని డాక్టరుకి చెప్పి, ఎప్పుడూ ఒకే కొలతలో పెట్టాలి. తోటకూర పప్పులో మెత్తగా ఉడికించి మెదిపి, ఒక చెంచా నెయ్యి వేస్తే పళ్ళు లేకపోయినా దిగుతుంది, లూటిన్ ఒంటికి పట్టాలన్నా కొవ్వు ఉండాలి. ఉడికించిన గుమ్మడి, క్యారెట్, ముగ్గిన బొప్పాయి ఇవ్వొచ్చు. కానీ అసలు పని పళ్ళ డాక్టరు దగ్గర ఉంది. నమల్లేని మనిషికి ఎన్ని యాంటీఆక్సిడెంట్లు లెక్కేసి ఏం లాభం?

ఉసిరి చెట్టు:
వార్ఫరిన్ సంగతి తెలిస్తే నేనూ అంత ధీమాగా రాసేవాణ్ణి కాదు. సారీ బ్రదర్.

తణుకు మనవడు:
డాక్టరుగారు గుళికా పొడీ రెండూ ఆపేయమన్నారు, రేపు పొద్దున రక్తం తీస్తారు, బీ12, థైరాయిడ్ కూడా అందులోనే. రెండు నెలల కింద బాత్రూములో జారిందట, "ఏం కాలేదులే" అని తనే సర్దేసింది, అది చెప్పగానే స్కాన్ రాశారు. మావయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు, పాపం ఆయన చేసిందీ ప్రేమతోనే. ఒక్క డౌటు, కట్టుడు పళ్ళు కొత్తవి చేయించాలంటే వార్ఫరిన్ ఆపాలా?

డైట్ అక్క:
కొలత తీసుకోవడానికి, సెట్ బిగించడానికి మామూలుగా ఆపక్కర్లేదు. మిగిలిన పళ్ళేవైనా పీకాల్సి వస్తే పళ్ళ డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకుని చెబుతారు. మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. స్కాన్ రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి.