ఇంట్లో పాట రికార్డింగ్: గొంతు వెనకబడుతోంది, గది మోగుతోంది, శ్రుతి సంగతి ఏమిటి?

ప్రశ్న:
నమస్కారమండీ. సొంతంగా బాణీ కట్టుకున్న కొన్ని పాటలను ఇంట్లోనే రికార్డు చేద్దామని మొదలుపెట్టాను. కండెన్సర్ మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటర్లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. వయొలిన్ వాయించే స్నేహితురాలు వేరే ఊళ్లో ఉంటుంది, తన భాగం అక్కడే రికార్డు చేసి పంపుతానంది. మూడు చోట్ల ఆగిపోయాను. తంబురా ట్రాకు వింటూ పాడుతుంటే నా గొంతు నాకే కాస్త వెనకగా వినిపించి తాళం చెదిరిపోతోంది. రికార్డయినది వింటే ఖాళీ హాల్లో ఎవరో దూరంగా నిలబడి పాడినట్టుంది. చరణంలో ఒక చోట గాంధారం కిందికి జారింది. దాన్ని శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ ఆటో-ట్యూన్‌తో సరిచేసుకోమని ఒకరు, దాని జోలికి పోవద్దని ఇంకొకరు చెబుతున్నారు. దారి చెప్పగలరా?

మొదటి జవాబు:
హెడ్‌ఫోను బ్లూటూత్‌దా? అయితే ముందు దాన్ని తీసేయండి. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి తరచుగా 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. పాట వినడానికి ఫరవాలేదు, వింటూ పాడడానికి పనికిరాదు. వైరు ఉన్నదే వాడాలి.

అడిగినవారు:
బ్లూటూత్‌దేనండీ. వైరున్నది పెట్టాక చాలా తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు.

రెండో జవాబు:
టేపు రోజుల నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి, కొంచెం వివరంగా చెబుతాను.

మిగిలిన ఆలస్యానికి కారణం బఫర్. కంప్యూటర్ శబ్దాన్ని ఎప్పటికప్పుడు కాకుండా కొంత పోగుచేసుకుని ఒక్కసారిగా తీసుకుంటుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన కొలతల) చొప్పున రికార్డు చేస్తూ బఫర్ 1,024 శాంపిళ్లు పెట్టుకుంటే, లోపలికి రావడానికే 23 మిల్లీసెకన్లు, బయటికి పోవడానికి మరో 23. అదే 128కి తగ్గిస్తే ఒక్కో వైపు 3 మిల్లీసెకన్ల లోపే. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి, 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే పక్కవాద్యం మీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. అంత దూరానికి తాళం చెదరదు. పాడేటప్పుడు బఫర్ తగ్గించండి. ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు పెంచుకోండి, లేకపోతే కంప్యూటర్ తట్టుకోలేక చిటపటలు వస్తాయి.

ఇంతకన్నా మంచి ఉపాయం మీ ఇంటర్‌ఫేస్ మీదే ఉండవచ్చు. డైరెక్ట్ మానిటర్ అనే మీటగానీ తిప్పే గుండీగానీ ఉందేమో చూడండి. అది మైకులోంచి వచ్చిన గొంతును కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోనుకు ఇస్తుంది. అది వాడితే రీపర్ ట్రాకులో ఉన్న రికార్డ్ మానిటర్ బొత్తాన్ని ఆపేయాలి. ఆపకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

ఇక గది. మూడింటిలో నాకు పట్టింపు ఉన్నది దీని మీదే, ఎందుకంటే మిగతావి తర్వాత సరిచేసుకోవచ్చు. గది మోత గొంతుతో కలిసి ఒకసారి రికార్డయ్యాక దాన్ని విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నా, గొంతులోని తడి కొంత పోకుండా ఆ పని జరగదు. చాలామంది మైకు వెనక గోడకు దుప్పటి కడతారు. కార్డియాయిడ్ రకం మైకు ముందువైపు వింటుంది, వెనకవైపు పెద్దగా పట్టించుకోదు. అంటే అది చూస్తున్నది మిమ్మల్నీ, మీ వీపు వెనక ఉన్న గోడనూ. మందపాటి దుప్పటిగానీ పరుపుగానీ మీ వెనక ఉండాలి. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి పాడినా మంచి ఫలితం వస్తుంది. పలచటి స్పాంజి పలకలను నమ్ముకోకండి. అవి పై స్థాయి శబ్దాలను మాత్రమే మింగి కింది మోతను అలాగే వదిలేస్తాయి, గొంతు మసకబారుతుంది. గుడ్ల అట్టలు అసలే వద్దు.

మైకుకు జానెడు దూరంలో ఉండండి. మరీ దగ్గరైతే మంద్రస్థాయి ఉబ్బిపోతుంది. ప, ఫ, బ, భ పలికినప్పుడు గాలి కొట్టకుండా పాప్ ఫిల్టర్ పెట్టుకోండి, లేదా మైకును నోటికి కొంచెం పక్కగా ఉంచండి.

స్థాయి గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. టేపుకు 'స్‌స్‌' అనే సొంత రొద ఉండేది. పాట దానిలో మునగకుండా వీలైనంత గట్టిగా రికార్డు చేసేవాళ్లం. ఆ అలవాటు ఇప్పుడు హాని చేస్తుంది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ దాటితే తరంగం తల తెగిపోతుంది, మళ్లీ అతకదు. ఒక్కో శాంపిల్‌ను 16 బిట్లలో రాస్తే అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య సుమారు 96 డెసిబెళ్ల వ్యాప్తి ఉంటే, 24 బిట్లలో లెక్క ప్రకారం 144 ఉంటుంది. అంత చోటున్నప్పుడు భయమెందుకు? 24 బిట్లు పెట్టుకుని, మీరు ఎంత ఎత్తుకు పాడినా మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆగేలా చూసుకోండి.

మూడో జవాబు:
గాంధారం సంగతి నేను చెబుతాను. ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూమి లోపలి పొరల నుంచి తిరిగివచ్చే తరంగాలను విశ్లేషించేవారు. ఆ గణితమే గొంతు శ్రుతిని పట్టడానికి పనికొచ్చింది. తనంతట తాను పనిచేసేటట్టు వదిలేస్తే అది గొంతు ఏ స్వరం దగ్గర ఉందో చూసి, సమానంగా విభజించిన పన్నెండు మెట్లలో దగ్గరి మెట్టుకు లాగుతుంది. మెట్ల మధ్య తిరిగే గమకం దానికి తప్పుగా కనిపిస్తుంది. పైగా తంబురాతో కలిసే అంతర గాంధారం షడ్జానికి 386 సెంట్ల (సెంటు అంటే ఆ మెట్టులో నూరో వంతు) ఎత్తున ఉంటే, కీబోర్డు గాంధారం 400 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా తంబురా పక్కన చెవికి తెలిసిపోతుంది. కాబట్టి సరిగ్గా పాడిన స్వరాన్ని కూడా అది చెడగొట్టగలదు. ఆ పాదం ఒక్కటీ మళ్లీ పాడి అతికించండి. అదే మైకు, అదే దూరం, వీలైతే అదే రోజు. గొంతు రోజుకో రకంగా ఉంటుంది.

రెండో జవాబు ఇచ్చినవారు:
నూటికి తొంభై పాళ్లు ఒప్పుకుంటాను. ఒక్క మినహాయింపు. భావం నిండుగా వచ్చిన టేకులో (ఒక విడత పాడిన రికార్డులో) ఒక్క అక్షరం జారితే, దాన్ని చేత్తో ఎత్తడం తప్పు కాదు. రీపర్‌తో వచ్చే రీట్యూన్‌లో చేత్తో దిద్దే పద్ధతి ఉంది. ఆ అక్షరం వరకే తీసుకుని, 386 దగ్గరికి చెవితో వింటూ జరపండి. తెర మీది గీత చూసి జరపకండి. 78 తిరుగుళ్ల రికార్డుల్లో మూడు నిమిషాలు పాడితే పాడినట్టే, దిద్దే వీలే లేదు. టేపు వచ్చాక బ్లేడుతో కోసి అతికించాం. ఇప్పుడు దేన్నైనా ఎప్పుడైనా మార్చవచ్చు, అందుకే చాలామంది ఏ టేకునూ ఖాయం చేయలేక నెలల తరబడి అలాగే ఉండిపోతున్నారు. పాట మొత్తం నాలుగైదుసార్లు ఆగకుండా పాడండి, ఆ రోజే ఒకటి ఎంచుకోండి.

అడిగినవారు:
దుప్పటి వెనక్కి మార్చాను, డైరెక్ట్ మానిటర్ కూడా దొరికింది. రెండూ పనిచేశాయి, ఎంతో మేలు చేశారు! ఇప్పుడు వయొలిన్ వచ్చింది కానీ దీర్ఘంగా సాగిన స్వరాలు మధ్యలో పలచబడి మాయమవుతున్నాయి. తన కమాను బాగానే ఉందంటోంది. ఫోనులో రికార్డు చేసి మెసేజీలో పంపింది.

మూడో జవాబు ఇచ్చినవారు:
కమాను తప్పు కాదు. ఫోనులో మాటల కోసం పెట్టిన రొద తగ్గించే ఏర్పాటు ఉంటుంది. మాట మారుతూ ఉంటుంది, ఫ్యాను రొద మారకుండా ఉంటుంది, కనుక మారని శబ్దాన్ని అది రొదగా లెక్కగట్టి తగ్గించేస్తుంది. నిలకడగా లాగిన కమాను దానికి ఫ్యానులాగే కనిపిస్తుంది. తంబురాకూ ఇదే గతి పడుతుంది. రొద తగ్గింపు, స్థాయిని తానే మార్చుకునే ఏర్పాటు, రెండింటినీ ఆపనిచ్చే రికార్డింగ్ యాప్ వాడమనండి. కుదించని వేవ్ (WAV) ఫైలుగా రికార్డు చేసి, వాయిస్ మెసేజీగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే దారిలో కుదించేస్తారు.

శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లో, ఇద్దరూ ముందే ఖాయం చేసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లు తేడాను తామే సర్దుతాయి. ఎక్కడైనా 48,000లో చేసిన ఫైలును 44,100గా చదివితే మాత్రం వయొలిన్ ఎనిమిది శాతం నెమ్మదించి, శ్రుతి ఒకటిన్నర మెట్టు దిగిపోతుంది. ఆమెకు మీ గొంతు, తంబురా కలిపిన ఒకే ఫైలు పంపండి, మొదట్లో నాలుగు తాళం దెబ్బలు చేర్చి. ఆ దెబ్బలతోపాటు ఆమె కూడా మైకు దగ్గర చప్పట్లు కొట్టి, ఆపకుండా వాయించడం మొదలుపెట్టాలి. ఫైలు వచ్చాక ఆ చప్పట్లను మీ దెబ్బల మీదికి జరిపితే చాలు, మిగిలిన పాట తానే కుదురుకుంటుంది.