మ్యాన్ ఆర్ ఆస్ట్రో-మ్యాన్? చిన్న రికార్డులు: అన్నీ కలిపి ఒక సంకలనంగా తేవాలా, విడిగానే ఉంచాలా?

సూదిమొన:
‘మ్యాన్ ఆర్ ఆస్ట్రో-మ్యాన్?’ అనే బృందం 1990ల తొలి సగంలో తెచ్చిన ఏడు అంగుళాల ఈపీలన్నిటినీ (కొద్ది పాటలే పట్టే చిన్న రికార్డులు) ఒకే పెద్ద సంకలనంగా వేయాలని మన మిత్రులు కొందరు కోరుతున్నారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

వినని వారి కోసం రెండు మాటలు. వీరిది అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్. తాము గ్రహాంతరవాసులమనీ, తమ నౌక కూలి అక్కడ చిక్కుకుపోయామనీ వాళ్లు చెప్పుకునే కథ. గిటారు స్టార్ క్రంచ్, డ్రమ్ములు బర్డ్‌స్టఫ్, బాస్ గిటారూ వింత శబ్దాలూ కోకో. 1960ల కాలిఫోర్నియా సర్ఫ్ సంగీతమే పునాది: స్ప్రింగ్ రివర్బ్‌లో (స్ప్రింగుల ద్వారా పుట్టించే ప్రతిధ్వని) తడిసిన గిటారు, చాలావరకు మాటల్లేని వరసలు, ఒక్కోటి రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. వాటి మధ్య పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల సంభాషణల ముక్కలు.

1992లో ‘పొసెషన్ బై రిమోట్ కంట్రోల్’తో మొదలై, 1993లో ‘సూపర్‌సానిక్ టూత్‌బ్రష్ హెల్మెట్’, ‘మిషన్ ఇంటూ కేయాస్’, ఆ తర్వాత ‘ఇన్‌సైడ్ ది హెడ్ ఆఫ్ మిస్టర్ ఆటమ్’ ఇలా వరసగా వచ్చాయి. ఒక్కొక్కటీ చిన్న ప్రయాణం. సంభాషణతో ఎగురుతుంది, వరస దూసుకుపోతుంది, వైపు ముగుస్తుంది, లేచి రికార్డు తిప్పాలి. తిప్పే ఆ నిశ్శబ్దం కూడా కూర్పులో భాగమే. ముప్పై వరసలు ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తే అయిదోది విన్నామో పదిహేనోది విన్నామో చెవికి తెలియదు. సర్ఫ్ సంగీతానికి కొద్దిసేపు ఉండడమే బలం.

కృష్ణలంక:
మీ ప్రేమ అర్థమైంది గానీ, ఇది రికార్డు చేతిలో ఉన్నవారి మాట. నా దగ్గర ఒక్కటీ లేదు. విజయవాడకు తెప్పించుకోవాలంటే రికార్డు ధర కన్నా రవాణా ఖర్చు, సుంకమే ఎక్కువ. నేను ఈ బృందాన్ని కనుగొన్నదే ‘ఇంట్రావీనస్ టెలివిజన్ కంటిన్యువమ్’ వల్ల. విడి రికార్డుల్లో చెల్లాచెదురుగా ఉన్నవాటిని పోగుచేసిన సంకలనమే అది. దాన్ని 1995లో బృందం చురుగ్గా ఉండగానే వేశారు. వాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకు?

ఇంకో సంగతి. అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో ఉన్న ఎస్ట్రస్ అనే రికార్డుల సంస్థ వీరి తొలి ఆల్బమ్‌నూ కొన్ని ఈపీలనూ వేసింది. 1997లో ఆ సంస్థ గోదాము తగలబడి నిల్వలన్నీ పోయాయి. చిన్న సంస్థలు కొద్ది సంఖ్యలో వేసిన రికార్డులకు పొంచి ఉన్న ప్రమాదం అదే. నాలుగు చోట్ల ప్రతులు ఉంటేనే సంగీతం బతుకుతుంది.

గాడి_లోతు:
సూదిమొన గారి పక్షమే నాది. నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డులో ధ్వని ఎల్పీ (33 చుట్ల వేగంతో తిరిగే పెద్ద రికార్డు) కన్నా ఎప్పుడూ మెరుగు. రివర్బ్ తోకలు తెలిసేది అక్కడే.

అవుటర్_రింగ్:
‘ఎప్పుడూ’ అన్నది సరికాదండీ. సూది కింద గాడి ఎంత వేగంగా కదిలితే ధ్వని అంత స్పష్టం. లెక్క చూడండి. ఎల్పీ అంచున గాడి సూది కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదులుతుంది. ఏడు అంగుళాల 45 రికార్డు అంచున అది దాదాపు 40 మాత్రమే. అంటే ఎల్పీలో మొదటి పాటదే పైచేయి. లోపలికి వెళ్లే కొద్దీ కథ తిరగబడుతుంది: ఎల్పీ చివర్లో 21కి పడిపోతే, చిన్న రికార్డు 25 దగ్గర నిలుస్తుంది.

ఈపీకి అసలు లాభం వేరే చోట ఉంది. వైపుకు నాలుగైదు నిమిషాలే కాబట్టి గాళ్లను దూరదూరంగా, లోతుగా కోయవచ్చు, ధ్వని పెద్దగా వస్తుంది. ఇరవై నిమిషాలు కుక్కిన ఎల్పీలో ఆ చోటు ఉండదు. కానీ ఆ సంకలనాన్నే వైపుకు పది నిమిషాల చొప్పున పన్నెండు అంగుళాల రికార్డుపై 45 వేగంతో కోస్తే? అప్పుడు రెండింటికన్నా మెరుగు. కాబట్టి ధ్వని పేరుతో సంకలనాన్ని కాదనలేం.

సూదిమొన:
ధ్వని విషయంలో ఒప్పుకుంటున్నాను. నా వాదన క్రమం గురించే.

దమ్‌దమ్_నుంచి:
క్రమం అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో నాన్నగారి తెలుగు సినిమా ఈపీలు ఇప్పటికీ ఉన్నాయి. కలకత్తా దమ్‌దమ్‌లో ముద్రించినవి, ఒక్కోదానిలో సాధారణంగా నాలుగు పాటలు. ఏ పాట తర్వాత ఏది వస్తుందో మా ఒంటికి పట్టేసింది. తర్వాత క్యాసెట్లు వచ్చి ఆ పాటలనే గాయకుల పేరు మీదా, ‘మధుర గీతాలు’ అన్న పేరు మీదా కలిపేశాయి. పాటలు దక్కాయి, కానీ ఏది ఏ సినిమాలోదో, దేని పక్కన ఉండేదో మా తర్వాతివాళ్లకు తెలియకుండా పోయింది. సూదిమొన గారి బాధ నాకు తెలుసు.

అయినా కృష్ణలంక గారి మాటను తోసిపుచ్చలేను. ఇంగ్లండ్ సంగీత నిర్మాత జో మీక్‌ను గుర్తుచేసుకోండి. 1960లో లండన్‌లో అంతరిక్షాన్ని ఊహించి ఆయన చేసిన ‘ఐ హియర్ ఎ న్యూ వరల్డ్’ మొదటి భాగం ఈపీగా చాలా తక్కువ ప్రతుల్లో వచ్చింది. రెండో ఈపీ బయటికే రాలేదు. మొత్తం పని జనానికి చేరింది 1991లో, ఆయన పోయిన ఇరవై నాలుగేళ్లకు. ఆల్బమ్‌గా కలిపి వేయకపోతే అందులో సగం మనం వినేవాళ్లమే కాదు.

సూదిమొన:
మీక్ ఉదాహరణ నన్ను ఆలోచనలో పడేసింది. అయితే ఆ రెండు భాగాలూ మొదటి నుంచీ ఒకే పని. ఆస్ట్రో-మ్యాన్ ఈపీలు అలా కావు, ఒక్కోదానికి వేరే అట్ట, వేరే కథ. పైగా ఈ బృందం మళ్లీ కలిశాక, 2013 నాటి ఆల్బమ్‌కు ముందు, ‘అనలాగ్ సిరీస్’ పేరిట మళ్లీ ఏడు అంగుళాల రికార్డులే వేసింది. వినడానికి ఎన్నో దారులున్న కాలంలో వాళ్లు ఎంచుకున్నది అదే. నా కోరిక ఇదీ: అసలు అట్టలతో, అసలు క్రమంలో, ఒక పెట్టెలో విడి ఈపీలుగా మళ్లీ ముద్రించాలి.

కృష్ణలంక:
ఆ పెట్టె ధర మళ్లీ నాలాంటివారికి అందదు. కానీ మీ మొదటి టపా చదివాక ఒక పని చేశాను. ఫోనులో ఉన్న సంకలనాన్ని ఈపీల వారీగా విడగొట్టి, వైపు మారే ప్రతిచోటా ఆపి విన్నాను. ఒక సినిమా సంభాషణ ముక్కను ఇన్నేళ్లూ ముందు వరసకు ముగింపు అనుకున్నాను. అది రెండో వైపుకు ఆరంభమట. సంకలనం కావాలన్న మాట వెనక్కి తీసుకోను. కాకపోతే దాని అట్ట మీద ఏ వైపు ఎక్కడ మొదలవుతుందో తప్పక ముద్రించాలి.