అప్‌డేట్: మా అమ్మాయి ఫొటోల బట్టల గొడవ తేలింది

పోయిన వారం అడిగింది నేనే. ఫొటోషూట్‌కి నేను కొన్న లేత గులాబీ గౌను వద్దు, తన పాత డెనిమ్ జాకెట్టే కావాలని 16 ఏళ్ల మా అమ్మాయి పట్టుబట్టింది, ఏం చేయమంటారని. "ముందు ఫోన్‌లో ట్రయల్ ఫొటోలు తీసి చూడండి" అని చాలామంది అన్నారు. అదే చేశాం.

గౌనులో నిలబడితే బాగానే ఉంది. కూర్చోగానే నడుం దగ్గర బట్ట ఉబ్బింది, చెయ్యి మాటిమాటికీ అంచు సర్దుకోవడానికే పోయింది. ఆ ఇబ్బందంతా మొహంలో తెలిసిపోయింది. జాకెట్ వేసుకున్నాక మనిషే మారిపోయింది! ఎడమ మోచేతి దగ్గర తనే కుట్టుకున్న పసుప్పచ్చ పువ్వు ఉంది, కుట్లు కాస్త వంకర. ఇన్నాళ్లూ నేను దాన్ని చిరుగుకి వేసిన మాసిక అనుకున్నాను.

లోపలి సన్నగీతల చొక్కా మాత్రం మార్చక తప్పలేదు. దగ్గర దగ్గరగా ఉన్న గీతలు కెమెరాలో అలలు అలలుగా పడ్డాయి, దీన్ని మోయిరే అంటారట. ఫ్లోరసెంట్ ఆకుపచ్చ టీషర్ట్ వేస్తే ఆ రంగు గడ్డం కింద చర్మం మీద పడి పచ్చగా కనిపించింది. చివరికి సాదా క్రీమ్ రంగుది కుదిరింది. బూట్లు? తన పాతవే. నేను నోరెత్తలేదు.

నిన్న ఫొటోలు వచ్చాయి. మోచెయ్యి ముందుకు పెట్టి నవ్వుతున్నది ఫ్రేమ్ కట్టిస్తున్నాం. గౌనుకి ట్యాగ్ ఇంకా అలాగే ఉంది, వాపసు ఇచ్చేస్తాను.