శ్రమల కాలంలో కొనడం ఆపి చూసినవారు ఉన్నారా? ఎలా గడిచిందో చెప్పండి

పాతచీర:
అందరికీ వందనాలు. శ్రమల కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు, లెంట్) మొదలయ్యే విభూది బుధవారం 2026లో ఫిబ్రవరి 18న వస్తోంది కాబట్టి ముందే అడుగుతున్నాను. నిరుడు విభూది బుధవారం, మార్చి 5న, ఒక తీర్మానం చేసుకున్నాను. తిండి, మందులు, బస్సు చార్జీలు తప్ప ఈస్టర్ వరకు ఏమీ కొనకూడదని. ఆరో రోజునే ఓడిపోయాను. రాత్రి పదకొండు గంటలకు ఫోనులో సగం ధరకు స్టీలు డబ్బాల సెట్టు కనిపించింది. అది ఇంటికి వచ్చాక పెడదామని అటక మీద చూస్తే, విప్పని సెట్టు ఒకటి అప్పటికే ఉంది!

సిగ్గుపడి వేరే పని మొదలుపెట్టాను. ఆ రోజు వాడిన పాత వస్తువు ఒకటి రాత్రి పడుకునే ముందు నోటు పుస్తకంలో రాసి, దాని కోసం దేవునికి స్తోత్రం చెప్పడం. మొదటి వారం గొప్పవే రాశాను: ఇల్లు, ఫ్రిజ్, కుట్టుమిషను. మూడో వారానికి రాయడానికి ఏమీ తోచలేదు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. అమ్మ ఇచ్చిన ఇడ్లీ రేకులు, మడత మంచం, పిడి ఊడినా నీళ్ళు మోస్తున్న బకెట్. ఆ పుస్తకం రాస్తున్నన్నాళ్ళూ ఫోనులో కొట్లు చూడాలనిపించలేదు. మీరేం చేశారు? మిగిలిన డబ్బు ఏం చేశారు?

లెక్కలమాస్టారు:
బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం వరకు 46 రోజులు. ఆదివారాలు తీసేస్తే 40. మొదటి ఏడాది నేను ఈ లెక్కను బాగా వాడుకున్నాను. ఆదివారం వస్తే బజారుకు వెళ్ళవచ్చన్నమాట! పైగా కావలసినవన్నీ చీటీ రాసుకుని ఈస్టర్ మర్నాడు ఒక్క సాయంత్రంలో కొనేశాను. అది ఉపవాసం కాదు, వాయిదా. మా ఆవిడ ఆ మాటే అన్నది. రెండో ఏడాది అలాంటి చీటీనే రాసి, ఈస్టర్ తర్వాత ఒక వారం ఆగి చదివాను. పదకొండు వస్తువుల్లో నాలుగే కావాలనిపించాయి. మిగతావాటిలో రెండు ఏమిటో నా చేతిరాత నాకే అర్థం కాలేదు.

గుణదల మెట్లు:
మా కథోలికులకు నియమం తేలికే. 1966లో ఆరవ పౌలు పోపు పాత నియమాలను సడలించారు. ఇప్పుడు ఉపవాసం తప్పనిసరి అయినవి విభూది బుధవారం, శుభ శుక్రవారం రెండే, అదీ 18 నుంచి 59 ఏళ్ళవారికి. మాంసం మానడం 14 ఏళ్ళ నుంచి. చేపకు అడ్డు లేదు. మా ఇంట్లో శుక్రవారం కోడికూర మానేసి కొరమీను వండుకున్నాం. నియమం తప్పలేదు, ఖర్చు మాత్రం రెట్టింపైంది.

డాలస్ నుంచి:
గుణదల మెట్లు గారూ, మీకు తోడు ఇక్కడ చాలామంది ఉన్నారు. మెక్‌డొనాల్డ్స్‌లో అమ్మే చేప శాండ్‌విచ్ పుట్టింది ఇందుకే. శుక్రవారాల్లో కథోలికులు మాంసం తినక బేరం పడిపోతుంటే, 1962లో సిన్సినాటిలోని ఒక దుకాణదారు దాన్ని తయారుచేశాడు. ఉపవాసాన్ని కూడా సరుకు చేసి అమ్మగలరు. ఈస్టర్ చాక్లెట్ కుందేళ్ళు మాత్రం శ్రమల కాలమంతా అరల్లో కూర్చుని మనల్నే చూస్తుంటాయి.

సాదా విశ్వాసి:
తప్పుగా అనుకోకండి. మా సంఘంలో లెంట్ పాటించరు. ఈ నలభై రోజుల ఆచారం బైబిలులో ఎక్కడుంది? నలభై రోజులు కొనకపోతే మిగతా 325 రోజుల మాటేమిటి?

పాతచీర:
మీ ప్రశ్న న్యాయమైనదే అన్నా. ఏడాదంతా చేయగలిగినవారికి ఈ రోజులతో పని లేదు. నేను ఆరు రోజులు కూడా ఆగలేకపోయినదాన్ని, నాకు కావాలి.

పల్లెలో సేవ:
నేను ఒక చిన్న సంఘంలో పాస్టరు భార్యను. పోయినేడు స్త్రీల కూటంలో ‘కొనని ఉపవాసం’ గురించి చాలా ఉత్సాహంగా మాట్లాడాను. మిరప కోతకు వెళ్ళే ఒక అక్క చివర్లో నెమ్మదిగా అడిగింది: “అమ్మగారూ, అది మాకు రోజూ ఉన్నదే కదా, దానికి ఉపవాసమని పేరెందుకు?” నాకు జవాబు రాలేదు. ఇంటికి వచ్చి యెషయా 58వ అధ్యాయం తీశాను. ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టడమే ఉపవాసమని అక్కడ ఉంది. నేను కూటంలో ఆ సగం వదిలేశాను.

తరువాతి వారం ఆ అక్కే దారి చూపింది. వాళ్ళ అమ్మ అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం వేరే కుండలో వేసేదట. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు ఇదే పనిని 1910 నుంచి చేస్తున్నారు, ‘బుహ్‌ఫై థామ్’ అంటారు. మేమూ మొదలుపెట్టాం. అందరికంటే నిండుగా వచ్చింది ఆ అక్క సంచే. ఆ బియ్యం ఊళ్ళో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళకు ఇచ్చాం, చర్చికి వచ్చేవారా కాదా అని చూడలేదు. పాతచీర గారూ, మిగిలిన డబ్బు గురించి అడిగారు కదా. మిగిలాక ఇద్దామంటే మా ఇంట్లో ఎప్పుడూ మిగలలేదండీ. ముందే తీసి పెట్టినది మాత్రం ఉంది.

సాదా విశ్వాసి:
అక్కా, ఆ కుండ ఆచారం మా సంఘంలో చెబుతాను. లెంట్ అని మాత్రం అనను.

లెక్కలమాస్టారు:
ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. శుభ శుక్రవారానికి తెల్లబట్టలు, ఈస్టర్‌కు కొత్తబట్టలు. వీటి మాట ఎవరూ ఎత్తరేం? మా ఇంట్లో అసలు గొడవ అక్కడే.

పాతచీర:
నా పేరు చూసి అడుగుతున్నారా మాస్టారూ? అమ్మ తెల్లచీరే కట్టుకున్నాను. అంచు చిరిగితే లోపలికి మడిచి కుట్టాను. పిల్లలకు మాత్రం కొన్నాను, వాళ్ళ మీద నా ఉపవాసం రుద్దడం ఎందుకు? ఈసారి చీటీలో ఇప్పటికే ఒకటి చేరింది: మిక్సీ. జారు అడుగున బుష్ పోయి నీళ్ళు కారుతున్నాయి. కొత్తది కొనమని ఇంట్లో పోరు. గుంటూరులో బుష్ మార్చేవారు ఎవరైనా తెలుసా?

గుణదల మెట్లు:
జారు పట్టుకుని పాత సామాన్ల కొట్ల వైపు వెళ్ళి అడగండి. విజయవాడలో నాకు పది నిమిషాల్లో మార్చి ఇచ్చారు. జారుతో పాటు మూత కూడా తీసుకెళ్ళండి, నేను మరిచిపోయి రెండుసార్లు తిరిగాను.